మగ వారసుడు బతికి ఉంటే: బ్రెజిల్ సామ్రాజ్యపు ప్రత్యామ్నాయ చరిత్ర

నిజంగా జరిగిన సంఘటనల్లో ఒకదాన్ని మార్చి చూసి, ఆ మార్పు వల్ల తరువాతి కాలం ఏ దారి పట్టి ఉండేదో ఆధారాల సాయంతో ఊహించే విచారణను ప్రత్యామ్నాయ చరిత్ర అంటారు. రాజవంశాల వారసత్వం ఈ విచారణలో తరచుగా చర్చకు వచ్చే అంశం. పసితనంలో చనిపోయిన రాజకుమారుడు బతికి పెద్దవాడై ఉంటే, ఆ తరువాత కూలిపోయిన రాచరికం నిలిచి ఉండేదా అన్నది దాని మూలప్రశ్న. ఈ ప్రశ్నను లోతుగా పరీక్షించడానికి 19వ శతాబ్దపు బ్రెజిల్ సామ్రాజ్యం మిక్కిలి అనువైనది. అక్కడ చక్రవర్తి రెండవ పెద్రోకు పుట్టిన ఇద్దరు కొడుకులూ మూడేళ్లయినా నిండకుండానే కన్నుమూశారు; చిన్నవాడు పోయిన సుమారు నలభై ఏళ్లకు, 1889 నవంబరు 15న, దాదాపు రక్తపాతం లేకుండా ఒకే రోజులో రాచరికం రద్దయింది. ఈ రెండింటికీ ఉన్న సంబంధం కారణకార్య సంబంధమా, లేక తరువాతి వారు కల్పించుకున్నదా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు.

విచారణ పద్ధతి

ఇటువంటి ఊహలు కొత్తవి కావు. అలెగ్జాండర్ పడమటికి దండెత్తి వచ్చి ఉంటే రోమ్ గతి ఏమయ్యేదన్న చర్చను రోమన్ చరిత్రకారుడు లివీ తన గ్రంథం తొమ్మిదవ భాగంలో విపులంగా చేశాడు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1906లో రాసిన వ్యాసంలో, ఒక కారణానికి ఎంత బలం ఉందో తేల్చాలంటే అది లేకపోతే ఏం జరిగేదో ఊహించక తప్పదని వాదించి, మారథాన్ యుద్ధాన్ని ఉదాహరణగా చూపాడు. బ్రిటిష్ చరిత్రకారుడు ఇ.హెచ్. కార్ 1961లో ఈ పద్ధతిని కాలక్షేపంగా కొట్టిపారేయగా, నీల్ ఫెర్గూసన్ 1997లో దీనికి ఒక హద్దు గీశాడు: ఆనాటి మనుషులు నిజంగా ఆలోచించినట్లు ఆధారాలున్న ప్రత్యామ్నాయాలను మాత్రమే చరిత్రకారుడు పరిశీలించాలి. మార్చే సంఘటన ఎంత చిన్నదైతే, ఎంత సహజమైనదైతే ఊహకు అంత బలం చేకూరుతుందన్నది ఈ రంగంలో సాధారణంగా అంగీకరించే నియమం. పసిబిడ్డకు వచ్చిన జ్వరం తగ్గిందనుకోవడం కంటే చిన్న మార్పు ఉండదు కాబట్టే, వారసుల మరణాలు ఈ విచారణను అంతగా ఆకర్షిస్తాయి.

ఇతర దేశాల ఉదాహరణలు

ఫ్రాన్సులో కాపెట్ వంశానికి 987 నుంచి 1316 వరకు తండ్రి తరువాత కొడుకు అన్న వరస ఒక్కసారి కూడా తెగలేదు. 1316లో తండ్రి పోయాక పుట్టిన మొదటి జాన్ అయిదు రోజులకే చనిపోవడంతో ఆ వరస తెగింది, 1328లో వాలువా శాఖకు కిరీటం దక్కినప్పుడు రేగిన హక్కుల తగాదా ఇంగ్లండుతో శతవర్ష యుద్ధానికి ఒక కారణమయింది. ఇంగ్లండులో 1120 నవంబరులో ‘వైట్ షిప్’ మునిగి మొదటి హెన్రీ కొడుకు విలియం చనిపోయాక, కూతురు మటిల్డాకు ప్రభువులు చేసిన ప్రమాణాలు నిలవక అంతర్యుద్ధం సాగింది. హవాయి రాజ్యంలో నాలుగవ కమెహమెహా ఏకైక కొడుకు ఆల్బర్ట్ 1862లో నాలుగేళ్ల వయసులో మరణించాడు; పదేళ్లు తిరిగేసరికి ఆ వంశంలో వారసుడు లేక రాజును శాసనసభ ఎన్నుకోవలసి వచ్చింది, 1893లో రాజ్యమే పోయింది.

తెలుగు పాఠకులకు ఈ కోవలో దగ్గరిది విజయనగరం. కృష్ణదేవరాయలు తన చిన్న కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టడం, ఆ బాలుడు త్వరలోనే మరణించడం, ఆ నింద మహామంత్రి తిమ్మరుసు కుటుంబం మీద పడటం పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాతల్లో కనిపిస్తాయి. 1529లో రాయలు పోయాక సవతి తమ్ముడు అచ్యుతరాయలు రావడం, కృష్ణదేవరాయల అల్లుడు రామరాయల చేతికి క్రమంగా అధికారం చిక్కడం, చివరకు 1565 నాటి రాక్షసతంగడి యుద్ధం ఆ తరువాతి కథ. బ్రిటిష్ గవర్నర్ జనరల్ డల్హౌసీ అమలు చేసిన రాజ్య సంక్రమణ సిద్ధాంతం, అంటే ఔరస పుత్రుడు లేని సంస్థానాన్ని దత్తతను ఒప్పుకోకుండా ఈస్టిండియా కంపెనీ కలుపుకునే విధానం, మగబిడ్డ ప్రాణాన్ని నేరుగా రాజ్యం ప్రాణంతో ముడివేసింది. లక్ష్మీబాయి, గంగాధరరావుల బిడ్డ కొద్ది నెలల వయసులో చనిపోకుండా ఉంటే 1854లో ఝాన్సీని కలుపుకోవడానికి ఆ సిద్ధాంతం పనికివచ్చేది కాదు. ఝాన్సీ విషయంలో కారణం అంత సూటిగా ఉంది. బ్రెజిల్ విషయం అలాంటిది కాదు, దాని విలువ కూడా అక్కడే ఉంది.

బ్రెజిల్ రాచకుటుంబంలో మరణాలు

పోర్చుగల్‌ను ఏలిన బ్రగాంజా వంశంలో తొలిచూలు మగబిడ్డలు సింహాసనం దాకా బతకరన్న ఒక ఐతిహ్యం చాలాకాలంగా ప్రచారంలో ఉండేది. ఆ వంశానికే చెందిన స్వతంత్ర బ్రెజిల్ తొలి చక్రవర్తి మొదటి పెద్రో స్వయంగా రెండవ కొడుకు. ఆయన మొదటి ఇద్దరు మగబిడ్డలూ పోగా మిగిలినవాడే 1825 డిసెంబరు 2న పుట్టిన రెండవ పెద్రో. 1831లో తండ్రి కిరీటం వదులుకొని యూరప్‌కు వెళ్లిపోవడంతో ఈ బాలుడు అయిదేళ్ల వయసులో చక్రవర్తి అయ్యాడు. రాజప్రతినిధులు, అంటే రాజు పేరిట తాత్కాలికంగా పాలించేవారు, తమలో తాము పోట్లాడుకోవడం, రాష్ట్రాల్లో తిరుగుబాట్లు చెలరేగడం చూసి విసిగిన రాజకీయ నాయకులు 1840 జూలై 23న, పద్నాలుగేళ్ల ఏడు నెలల వయసులోనే, అతన్ని మేజరుగా ప్రకటించారు.

1843లో నేపుల్స్ రాకుమారి తెరెజా క్రిస్తీనాతో వివాహమయింది. 1845 ఫిబ్రవరి 23న అఫోన్సో, మరుసటి ఏడు జూలై 29న ఇజబెల్ పుట్టారు. 1847 జూన్ 11న మూర్ఛలు వచ్చి అఫోన్సో చనిపోయే నాటికి తల్లి నిండుచూలాలు. నెల తిరగగానే మరో ఆడపిల్ల లియోపోల్దినా పుట్టింది. 1848 జూలై 19న పెద్రో అఫోన్సో పుట్టినప్పుడు, వంశం మళ్లీ నిలబడిందని రాజధాని రియో డి జనీరోలో సంబరాలు జరిగాయి. ఎండాకాలం గడపడానికి కుటుంబమంతా రియోకు దూరంగా ఉన్న సాంటా క్రూజ్ రాచ ఎస్టేటుకు వెళ్లి ఉండగా, 1850 జనవరి 10 తెల్లవారుజామున ఆ బిడ్డ జ్వరంతో, మూర్ఛలతో ప్రాణం విడిచాడు. అప్పటికి తండ్రికి ఇరవైనాలుగేళ్లు. ఆ దంపతులకు ఆ తరువాత సంతానం కలగలేదు. మూడున్నరేళ్ల ఇజబెల్ రెండోసారి వారసురాలయింది.

చట్టం ఒప్పుకున్న వారసత్వం

ఇక్కడ తరచుగా ఒక పొరపాటు అభిప్రాయం వినిపిస్తుంది. మగ వారసుడు లేకపోవడం వల్ల బ్రెజిల్ సింహాసనం ఖాళీ అయిపోయిందన్నది నిజం కాదు. 1824 రాజ్యాంగం జ్యేష్ఠాధికారాన్ని, అంటే పెద్ద సంతానానికి మొదటి హక్కు ఇచ్చే పద్ధతిని, పాటించింది. ఒకే స్థాయి బంధుత్వంలో ఆడవారికంటే మగవారికి ముందు హక్కు ఇచ్చినా, కొడుకులు లేనప్పుడు కూతురు పట్టం కట్టుకోవడానికి అడ్డేమీ పెట్టలేదు. వంశంలో కూడా ఇది కొత్త కాదు: మొదటి మరియా 1777 నుంచి 1816 వరకు పోర్చుగల్ రాణిగా ఉంది, రెండవ పెద్రో సొంత అక్క రెండవ మరియా పేరుతో లిస్బన్‌లో ఏలింది. ఇజబెల్ పద్నాలుగో ఏట, 1860 జూలై 29న, వారసురాలిగా పార్లమెంటు ఎదుట ప్రమాణం చేసింది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇజబెల్ పెద్ద కొడుకు పెద్రో డి అల్కాంతారా 1875 అక్టోబరు 15న పుట్టాడు. రాచరికం కూలిన రోజుకు అతనికి సరిగ్గా పద్నాలుగేళ్ల ఒక నెల. తాతను మేజరు చేసిన వయసుకు మనవడు ఆరు నెలల దూరంలో ఉన్నాడు, అతని వెనుక మరో ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు. కాబట్టి 1889లో బ్రెజిల్ రాచకుటుంబానికి బతికి ఉన్న మగ వారసులు లేరని ఎవరూ అనలేరు. లోటు వంశవృక్షంలో లేదు. చిన్నతనం నుంచి ప్రజలకు, సైన్యానికి, మంత్రులకు కాబోయే పాలకుడిగా అలవాటైన నడివయసు మనిషి ఒకరు లేకపోవడమే లోటు. ప్రత్యామ్నాయ చరిత్ర మార్చి చూడవలసినది దీన్నే.

తండ్రి మనసులో వచ్చిన మార్పు

కెనడా చరిత్రకారుడు రోడరిక్ బార్మన్ 1999లో వెలువరించిన రెండవ పెద్రో జీవితచరిత్రలో, ఇద్దరు కొడుకుల మరణం చక్రవర్తికి తన తరువాత రాచరికం కొనసాగుతుందన్న నమ్మకాన్నే పోగొట్టిందని వాదించాడు. ఈ వాదానికి బలమైన సాక్ష్యం ఇజబెల్ పెంపకంలో ఉంది. భాషలు, చరిత్ర, శాస్త్రాలు ఆమెకు శ్రద్ధగా చెప్పించినా, రాజ్య వ్యవహారాల కాగితాల దగ్గరికి తండ్రి ఆమెను రానివ్వలేదు, మంత్రులతో పరిచయం కల్పించలేదు. 1871లో తొలిసారి యూరప్ వెళ్తూ ఆమెను రాజప్రతినిధిగా నియమించినప్పుడు మాత్రం రాతపూర్వకంగా కొన్ని సలహాలు ఇచ్చాడు. తిరిగి రాగానే ఆమె మళ్లీ ఇల్లాలి జీవితంలోకి వెళ్లిపోయింది. 1876–77లో, 1887–88లో ఇదే జరిగింది. కూతురిని అమితంగా ప్రేమించిన ఆ తండ్రి, ఆమె పాలకురాలు కాగలదని మాత్రం మనస్ఫూర్తిగా నమ్మినట్లు కనిపించదు.

రాజ్యాంగం చక్రవర్తికి శాసన, కార్యనిర్వాహక, న్యాయ అధికారాలకు పైన నాలుగవదిగా సమతుల్యతాధికారాన్ని ఇచ్చింది. మంత్రివర్గాలను మార్చడం, దిగువ సభను రద్దు చేయడం దీనివల్లే ఆయనకు సాధ్యమయ్యేవి. ఇటువంటి వ్యవస్థలో పాలకుడు భవిష్యత్తు మీద ఆశ వదులుకుంటే, ఆ నిస్పృహ సామ్రాజ్యం అంతటికీ వ్యాపిస్తుంది. 1889 నవంబరు 15న ఇది కళ్లకు కట్టినట్లు కనిపించింది. జబ్బుతో మంచాన ఉన్న మార్షల్ దెయోదోరో ద ఫోన్సెకా లేచి గుర్రమెక్కి, దళాలతో యుద్ధ శాఖ కార్యాలయానికి వెళ్లి ఔరో ప్రెతో మంత్రివర్గాన్ని పడగొట్టాడు; గాయపడిన ప్రముఖుడు నౌకాశాఖ మంత్రి ఒక్కడే. కొండమీది పెట్రోపోలిస్‌లో టెలిగ్రాము అందుకున్న చక్రవర్తి రైలెక్కి రాజధానికి వచ్చాడు గాని, ఎదిరించే ప్రయత్నమేదీ చేయలేదు. కొత్త ప్రధానిగా ఆయన మొదట ఎంచుకున్న గాస్పర్ సిల్వేరా మార్టిన్స్ దెయోదోరోకు బద్ధశత్రువు. పైగా అప్పటికి ఇంకా ప్రయాణంలో ఉన్నాడు. ఈ పేరు చెవిన పడటమే, అంతవరకు మంత్రివర్గం మీదే కోపమున్న దెయోదోరోను గణతంత్రం వైపు నెట్టిందని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. రెండు రోజుల తరువాత, తెల్లవారకముందే రాచకుటుంబాన్ని ఓడ ఎక్కించి దేశం నుంచి పంపేశారు.

పెద్రో అఫోన్సో బతికి ఉంటే

1850 జ్వరం నుంచి కోలుకున్నాడనుకుంటే, పెద్రో అఫోన్సోకు 1866లో పద్దెనిమిదేళ్లు నిండేవి. ఆ వయసు దాటిన వారసుడే అవసరమైతే రాజప్రతినిధి కావాలని రాజ్యాంగం చెప్పింది. ఇరవైఅయిదేళ్లకు, అంటే 1873లో, చక్రవర్తి సంతానానికి జన్మహక్కుగా వచ్చే సెనేట్ స్థానంలో కూర్చునేవాడు. 1864 నుంచి 1870 వరకు సాగిన పరాగ్వే యుద్ధం అతని యవ్వనంతో సరిగ్గా కలిసివచ్చింది. నిజ చరిత్రలో ఆ యుద్ధపు చివరి దశలో సైన్యాన్ని నడిపించినది ఇజబెల్ భర్త, ఫ్రెంచి రాజు లూయీ ఫిలిప్ మనవడైన యూ కౌంటు గాస్టన్. యుద్ధం గెలిచినా, విదేశీయుడన్న అపనమ్మకం అతన్ని చివరిదాకా వదల్లేదు. ఇజబెల్ రాణి అయితే నిజమైన అధికారం ఆ ఫ్రెంచివాడిదే అవుతుందన్న ప్రచారం గణతంత్రవాదులకు బాగా ఉపయోగపడింది. బ్రెజిల్ గడ్డ మీద పుట్టిన యువరాజు ఆ సైన్యంతో కొన్ని నెలలైనా గడిపి ఉంటే ఈ ప్రచారానికి చోటుండేది కాదు. యుద్ధం తరువాత జీతాలు, పదోన్నతులు, గౌరవం విషయంలో నిర్లక్ష్యానికి గురయ్యామని రగిలిన అధికారులకు రాచకుటుంబంలో తమవాడు అనుకోదగిన మనిషి ఒకడుండేవాడు. సైనిక ఆడంబరమంటే గిట్టని తండ్రి ఆ పాత్ర ఏనాడూ పోషించలేదు.

ఇజబెల్ దైవభక్తి కూడా మరో సమస్యగా మారింది. 1872–75 మధ్య ప్రభుత్వానికి, ఇద్దరు బిషప్పులకు మధ్య నడిచిన వివాదం తరువాత, ఆమె వస్తే చర్చి పెత్తనం పెరుగుతుందన్న భయం విద్యావంతుల్లో వ్యాపించింది. సోదరుడు ఉంటే ఆ భయం పుట్టేది కాదు. అన్నిటికన్నా పెద్ద మార్పు మాత్రం తండ్రిలోనే వచ్చి ఉండేది. మధుమేహంతో కుంగిపోయి 1888లో మిలాన్‌లో చావు అంచు దాకా వెళ్లిన చక్రవర్తి, 39 ఏళ్ల కొడుకు చేతిలో రాజ్యం పెట్టి తప్పుకోవడం పూర్తిగా సాధ్యమయ్యేది. నవంబరు 15 నాటి సాయంత్రం మంత్రులతో మాట్లాడగల, దెయోదోరోను స్వయంగా కలవగల 41 ఏళ్ల వారసుడు ఒకడు రాజధానిలో ఉంటే, ఆ తిరుగుబాటు మంత్రివర్గ మార్పుతో ఆగిపోయి ఉండేదని చెప్పడానికి తగిన ఆధారం ఉంది.

వారసుడు మార్చలేనివి

ఇంతవరకే చూసి ఆగిపోయే రచనలు చాలా ఉన్నాయి. అవి బానిసత్వం గురించి చాలినంతగా మాట్లాడవు. 1872 జనాభా లెక్కల ప్రకారం బ్రెజిల్‌లోని దాదాపు 99 లక్షల మందిలో 15 లక్షల మంది బానిసలు. పెద్రో అఫోన్సో మరణించిన ఏడాదే, 1850 సెప్టెంబరులో, ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతిని నిషేధించే చట్టం వచ్చింది. అప్పటి నుంచి కాఫీ తోటల్లోని బానిస వ్యవస్థ కాలం చెల్లే దిశగానే నడిచింది. 1871లో బానిస తల్లులకు పుట్టే బిడ్డలను స్వతంత్రులుగా ప్రకటించిన చట్టం, 1888 మే 13న బానిసత్వాన్ని పూర్తిగా రద్దు చేసిన ‘స్వర్ణ చట్టం’ రెండూ ఇజబెల్ సంతకంతోనే అమలయ్యాయి. నష్టపరిహారం దక్కని తోటల యజమానులు సింహాసనానికి దూరమయ్యారు. ఆ సంతకం తమ్ముడు చేసినా వారికి కలిగే కోపం అదే. చేయకుండా ఆలస్యం చేసి ఉంటే లక్షల మంది మరికొన్నేళ్లు సంకెళ్లలో మగ్గేవారు. రాచరికం నిలవాలన్న కోరికతో ఈ రెండో అవకాశాన్ని తేలికగా దాటిపోయే ప్రత్యామ్నాయ చరిత్ర అసంపూర్ణమే కాదు, అన్యాయం కూడా. విముక్తులైన నల్లజాతివారిలో కొందరు ఇజబెల్ కోసం ‘నల్ల దళం’ పేరిట సంఘటితమయ్యారు. రాచరికానికి ఆఖరి దినాల్లో దొరికిన ఆ కొత్త మద్దతు, పెద్రో అఫోన్సో లేని చరిత్రలోనే పుట్టింది.

రాష్ట్రాల స్వయంపాలన సమస్య కూడా అటువంటిదే. కాఫీతో సంపన్నమైన సావో పాలో, తన పన్నులు రియో ఖజానాకు పోవడాన్ని సహించలేకపోయింది. 1870 నాటి గణతంత్ర ప్రణాళిక రాష్ట్రాల స్వయంపాలన కోరింది; 1873లో గణతంత్రవాదులు జరిపిన ఇతూ సమావేశం ఆ అసంతృప్తిలోంచి వచ్చినదే. బానిసత్వ నిర్మూలన ఉద్యమ నాయకుడు, రాచరికవాది జోవాకిం నబూకో రాచరికాన్ని ఉంచుతూనే దేశాన్ని సమాఖ్యగా మార్చాలని పార్లమెంటులో ప్రతిపాదించాడు. ఫెర్గూసన్ గీసిన హద్దు ప్రకారం చూస్తే బ్రెజిల్‌కు అసలైన ప్రత్యామ్నాయం ఈ ప్రతిపాదనే. కొత్త చక్రవర్తి దీన్ని చేపట్టి ఉంటేనే రాచరికం ఇంకో తరం పాటు కొనసాగేది. కేవలం బతికి ఉండటం సరిపోయేది కాదు.

దీన్ని సరిచూడటానికి ఐబీరియా ద్వీపకల్పంలో రెండు ఉదాహరణలు దొరుకుతాయి. స్పెయిన్ రాజు పన్నెండవ అల్ఫోన్సో 1885 నవంబరులో మరణించినప్పుడు రాణి మరియా క్రిస్తీనా గర్భవతి. 1886 మే 17న పుట్టిన కొడుకు పుట్టుకతోనే రాజయ్యాడు, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆ తల్లి అతని పేరిట 1902 వరకు పాలించింది. విదేశీ స్త్రీ చేతిలో ఉన్నా ఆ రాచరికం నిలిచిందంటే, రెండు ప్రధాన పార్టీలు వంతులవారీగా అధికారం పంచుకోవడానికి ముందే ఒప్పుకోవడమే కారణం. పోర్చుగల్‌లో 1908 ఫిబ్రవరి 1న రాజు కార్లోస్‌ను, పెద్ద కొడుకును లిస్బన్ వీధిలో కాల్చి చంపినా, చిన్న కొడుకు మనుయేల్ బతికి రాజయ్యాడు. 1910 అక్టోబరులో ఆ సింహాసనం కూడా పోయింది. మగబిడ్డ బతికినా పార్టీలు, సైన్యం తోడు రాకపోతే బ్రగాంజాలకే ఏమయిందో ఇది చూపుతుంది.

1889 తరువాతి కాలానికి ఊహను పొడిగించేకొద్దీ ఆధారం పలచబడుతుంది. నౌకాదళ తిరుగుబాటు, దక్షిణాది అంతర్యుద్ధం, వేలమంది పేదలను బలిగొన్న 1896–97 నాటి కనూదోస్ మారణకాండ గణతంత్రపు తొలి ఏళ్ల ఘటనలు కాబట్టి, సామ్రాజ్యం ఉంటే అవి జరిగేవి కావని రాచరికాభిమానులు అంటారు. కాని కనూదోస్‌లోని కరవు, భూమిలేనితనం ఏ చక్రవర్తి కాలంలోనైనా ఉండేవే. 20వ శతాబ్దంలో బ్రెజిల్ అగ్రరాజ్యమై ఉండేదన్న రాతలకు ఎటువంటి సాక్ష్యమూ లేదు.

తరువాతి కాలం

తెరెజా క్రిస్తీనా 1889 డిసెంబరులో పోర్చుగల్‌లో, రెండవ పెద్రో 1891 డిసెంబరు 5న పారిస్‌లో మరణించారు. దేశ బహిష్కారం 1920లో రద్దయినా ఇజబెల్ స్వదేశాన్ని మళ్లీ చూడకుండానే 1921లో కన్నుమూసింది. ఆమె పెద్ద కొడుకు తాను కోరుకున్న వివాహం కోసం 1908లో వారసత్వ హక్కు వదులుకోవడంతో, ఆ త్యాగం చెల్లుతుందా లేదా అన్న వివాదం మీద కుటుంబం పెట్రోపోలిస్ శాఖ, వాసోరాస్ శాఖ అని రెండుగా చీలింది. 1993 ఏప్రిల్ 21న రాచరికమా గణతంత్రమా అన్న ప్రశ్నపై బ్రెజిల్ ప్రజాభిప్రాయ సేకరణ జరిపినప్పుడు, రెండు శాఖల్లోనూ మగ వారసులు ఉన్నారు. చెల్లిన ఓట్లలో రాచరికానికి దాదాపు 13 శాతం మాత్రమే పడ్డాయి.